జోరీగ కాటు నుంచి రక్తపు గడ్డల మందు వరకు

రాయలసీమ మెట్ట ప్రాంతాల్లో వానలు మొదలైన తర్వాత పశుపోషకులకు జోరీగల బెడద తప్పదు. కర్నూలు–కడప కాలువ గట్ల వెంట, కుందూ, పెన్నా తీరాల్లోని తేమ నేలల్లో పెరిగిన ఈ ఈగలు ఎద్దులు, గేదెలపై వాలి రక్తం పీలుస్తాయి. ఈగ లేచిపోయిన తర్వాత కూడా కాటు నుంచి రక్తం కొంతసేపు కారుతూనే ఉంటుంది. రైతుకు బాధ కలిగించే ఈ లక్షణమే ఔషధ పరిశోధకులను ఆకర్షించింది.

రక్తం ఎందుకు గడ్డకట్టదు?

దోమ సూదివంటి నోటితో రక్తనాళాన్ని వెతుకుతుంది. ఆడ జోరీగ మాత్రం కత్తుల వంటి నోటి భాగాలతో చర్మాన్ని కోసి, ఊరిన రక్తాన్ని పీలుస్తుంది. సాధారణంగా గాయమైన వెంటనే రక్తఫలకికలు ఒకదానికొకటి అంటుకుంటాయి. త్రాంబిన్ అనే ఎంజైము ఫైబ్రినోజన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మార్చి గాయాన్ని మూస్తుంది. ఈ చర్యలను అడ్డుకునే ప్రొటీన్లు జోరీగ లాలాజలంలో ఉన్నాయి. గుండెపోటు, పక్షవాతం వంటి జబ్బుల్లో వైద్యులు ఆపదలచినదీ ఈ చర్యలనే.

సంప్రదాయం, విజ్ఞానం

సుమారు 3వ శతాబ్ది ఆరంభం నాటి చైనా వైద్యగ్రంథం ‘షాంగ్ హాన్ లున్’లో, నిలిచిపోయిన రక్తాన్ని కదిలించేందుకు జలగ, జోరీగలు కలిసిన కషాయం ఉంది. ‘టబానస్ యావో’ అనే జోరీగ లాలాజలంలో గుర్తించిన టాబ్లైసిన్-15 ప్రొటీన్ ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లాల వరుసతో ఫలకికల గ్రాహకాలను పట్టుకొని, అవి గుమికూడకుండా చేస్తుంది. ఇదే వరుస సీమ రాళ్లగుట్టల్లో తిరిగే చిన్న పింజరి విషంలోనూ ఉంది. ఆ విషప్రొటీన్ నమూనాగా రూపొందిన టిరోఫిబాన్‌కు 1998లో అమెరికాలో అనుమతి లభించింది. జలగ హిరుడిన్ ఆధారంగా వచ్చిన బైవాలిరుడిన్‌కు 2000లో అనుమతి దక్కింది. అనాఫిలిస్ దోమ లాలాజలంలోని త్రాంబిన్ నిరోధకం అనాఫెలిన్‌ను 1999లో వర్ణించారు.

విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

పాము, జలగల నుంచి మందులు వచ్చినా, కీటక లాలాజల ప్రొటీన్లు ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి. పరాయి ప్రొటీన్ శరీరంలో అలర్జీ కలిగించవచ్చు. మోతాదు మించితే రక్తస్రావం ప్రాణాంతకమవుతుంది. వార్ఫరిన్ వంటి మందులు వాడే రైతు కీటకాల పొడిని అదనంగా తీసుకుంటే ప్రమాదం మరింత పెరుగుతుంది. ఈ విషయాన్ని గ్రామసభల్లో స్పష్టంగా చెప్పాలి. ఈగలను పట్టి అమ్మితే ఆదాయం వస్తుందన్న ఆశ కల్పించరాదు. పనికివచ్చే ప్రొటీన్ దొరికితే, దాని జన్యువును సూక్ష్మజీవుల్లో ప్రవేశపెట్టి ప్రయోగశాలలోనే ఉత్పత్తి చేయవచ్చు.

జోరీగ సర్రా వ్యాధిని కూడా వ్యాపింపజేస్తుంది. విడతలుగా జ్వరం, రక్తహీనత, నీరసం కనిపించిన పశువుకు వెంటనే రక్తపరీక్ష చేయించాలి. విద్యార్థులు స్థానిక జాతులను, అవి ఉధృతంగా ఉండే కాలాన్ని, సంతానోత్పత్తి స్థలాలను నమోదు చేస్తే అది పశువైద్యానికీ, ఔషధ పరిశోధనకూ పునాది అవుతుంది. మందు వచ్చే వరకు పశువును కాపాడుకోవడమే రైతుకు దక్కే తక్షణ ప్రయోజనం.