నడుము నొప్పి యంతయు మగ్గపు నొప్పి కాదు

గుంటమగ్గములో వంగి కూర్చుండి నాడె విసరువారికి నడుము నొప్పి కొత్త కాదు. కాపడము పెట్టుకొని, ఒక పూట పడుకొని, మరునాడు మరల మగ్గములో కూర్చుండుట మన యిండ్లలో అలవాటు. చాలమందికి దానితోనే నొప్పి తగ్గును. అయితే కొన్ని నొప్పులకు కారణము మగ్గము కాదు, సూక్ష్మజీవి. ఆ తేడా తెలియక నెలల తరబడి ఆలస్యము చేసినచో కాళ్ళు పడిపోవు ప్రమాదము కలదు. అందుచేత యీ విషయమును మన కుటుంబములకు విన్నవించుచున్నాము.

ఇట్టి జబ్బులలో మన దేశమున ముఖ్యమైనది వెన్నెముక క్షయ. దీనివలన కలుగు గూనిని, కాళ్ళ చచ్చుదనమును 1779లో ఇంగ్లండు శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ వర్ణించెను. క్షయ క్రిమిని 1882లో జర్మనీ దేశీయుడు రాబర్ట్ కాక్ కనుగొనెను. సాధారణముగా ఊపిరితిత్తులలో చేరిన క్రిమి రక్తము ద్వారా వెన్నుపూసలకు పోయి వాటిని మెల్లగా తినివేయును. పూస నలిగి ముందునకు కూలినపుడు గూని యేర్పడును. చేరిన చీము వెన్నుపామును నొక్కినచో కాళ్ళు తిమ్మిరెక్కి బలము తగ్గును. దగ్గు లేనివారికిని యీ జబ్బు రావచ్చును.

పనివలని నొప్పి విశ్రాంతితో తగ్గును. వారముల తరబడి తగ్గక రాత్రివేళ బాధించు నొప్పి, సాయంకాలపు జ్వరము, చెమట, బరువు తగ్గుట, వెన్నుపై ఒకచోట ఉబ్బు కనబడినచో డాక్టరుకు చూపవలెను. కాళ్ళు తడబడినను, మూత్రముపై పట్టు తప్పినను ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. తొలిదశలో ఎక్సురేలో జబ్బు తెలియకపోవచ్చును. ఎమ్మారై పరీక్షలో ముందుగా తెలియును.

దీనికి మందులు కలవు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా నిత్తురు. సుమారు సంవత్సరము, ఒక్కొక్కప్పుడు అంతకుమించి వాడవలెను. నొప్పి తగ్గినదని నడుమ మానరాదు. చెన్నైలోని క్షయ పరిశోధన కేంద్రము జరిపిన పరీక్షలలో, కాళ్ళు పడిపోకముందే చేరిన రోగులలో అధికులు శస్త్రచికిత్స లేకయే మందులతో కోలుకొనిరి.

ప్రతి నడుము నొప్పికిని క్రిమియే కారణమనుకొనుటయు పొరపాటే. వెన్నుపూసలలో వాపుతో కూడిన దీర్ఘకాలపు నొప్పికి 100 దినములు యాంటీబయాటిక్ యిచ్చినచో మేలు కలిగెనని 2013లో డెన్మార్కు వైద్యులు 162 మందిని పరీక్షించి ప్రకటించిరి. కాని 2019లో నార్వేలో 180 మందిపై జరిపిన పరీక్షలో చెప్పుకొనదగిన మేలు కనబడలేదు. కావున మందుల దుకాణములో అడిగి యాంటీబయాటిక్ మ్రింగరాదు.

వైద్యునికి చూపించుటకై మగ్గము రెండు దినములు ఆగినను ఆ నష్టము పూడ్చుకొనవచ్చును. నడుము పోయినచో మగ్గమే పోవును. మన పెద్దలు యీ సంగతి ప్రతి యింట చెప్పవలెనని కోరుచున్నాము.