మెడపూసల జబ్బు – కృత్రిమ మేధ – మన త్రాగునీరు



త్రిపురాంతకేశ్వరుని దర్శనార్థము కొండకు వచ్చు వృద్ధులలో కొందరు గోపురమును చూచుటకు తల పైకెత్తలేరు. ప్రక్కవారు పిలిచినచో మెడ త్రిప్పజాలక దేహమంతయు త్రిప్పుదురు. ఇది వార్ధక్యమనియు, గడ్డిమోపులు, కట్టెలమోపులు నెత్తిన మోసిన ఫలమనియు మనము సరిపెట్టుకొనుచున్నాము. అందు కొంత నిజము కలదు. కాని మన ప్రాంతమున మరియొక కారణము భూమిలోనే దాగియున్నది. అది ఫ్లోరైడు.

ఈ జబ్బును లోకమునకు తెలిపిన తొలి వార్తలలో ఒకటి మన పొరుగు పల్లెలనుండియే వెడలినది. 1930ల తొలినాళ్లలో రైతులు తమ దుక్కిటెద్దులు కీళ్లు బిగిసి నడువలేకుండుట గమనించిరని చెప్పుదురు. 1937లో షార్టు మొదలగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లా ప్రజలలో ఇదే వ్యాధిని పరిశీలించి, దానికి కారణము త్రాగునీటిలోని ఫ్లోరైడని ప్రకటించిరి. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు అప్పుడు నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినవి. 1955లో సిద్దిఖీ అను వైద్యుడు నల్లగొండ జిల్లాలోని ఈ వ్యాధినిగూర్చి వ్రాసెను.

మెడయందు 7 పూసలు కలవు. వాని నడుమనున్న దారిలో వెన్నుపాము దిగుచుండును. ఫ్లోరైడు పెక్కేండ్లు దేహమున చేరినచో ఎముకలు దట్టమగును, పూసలను బంధించు కట్లు గట్టిపడి ఎముకవలె మారును, దారి ఇరుకగును. పూడిక పడిన కాలువలో నీరు పారనట్లే, నలిగిన వెన్నుపాము గుండ మెదడు ఆజ్ఞలు కాలుసేతులకు చక్కగా అందవు. చొక్కా గుండీలు పెట్టుట కష్టమగును, చేతినుండి చెంబు జారును, నడక తూలును, వేళ్లు తిమ్మిరెక్కును. ఫ్లోరైడు లేనిచోట్లను వయస్సుచేత పూసలు అరిగి ఇట్టి ఇరుకు కలుగవచ్చును. ఒకసారి చెడిన వెన్నుపాము పూర్తిగా బాగుపడుట అరుదు. కావున ముందుగా కనిపెట్టుటయే ముఖ్యము.

ఇందులకు ఖర్చులేని పరీక్ష యొకటి కలదు. 1987లో ఓనో మొదలగు జపాను వైద్యులు దీనిని వివరించిరి. అరచేయి క్రిందికి చేసి, వ్రేళ్లన్నియు పూర్తిగా ముడుచుచు, పూర్తిగా విప్పుచు, 10 సెకనులలో ఎన్నిమారులు చేయగలరో లెక్కింపవలెను. ఆరోగ్యవంతులు సాధారణముగా 20 మారులు చేయగలరు. అంతకు చాల తగ్గినచో వైద్యుని చూడవలెను. కీళ్లవాతము వలనను, ముసలితనము వలనను లెక్క తగ్గవచ్చును గాన దీనినిబట్టియే జబ్బు నిశ్చయింపరాదు.

ఈ పరీక్షనే యంత్రమునకు నేర్పుచున్నారు. టోకియో మెడికల్ అండ్ డెంటల్ విశ్వవిద్యాలయ వైద్యులు 2023లో ప్రకటించిన ప్రాథమిక పరిశోధనలో, చేయి ముడుచుట విప్పుట స్మార్టుఫోనుతో చిత్రీకరించి, ఆ కదలికనుబట్టి వెన్నుపాము నలిగినవారిని కృత్రిమ మేధచే వేరుచేయుటకు యత్నించిరి. మెడ ఎక్సురేలను చదువు యంత్రములును సిద్ధమగుచున్నవి. క్షయవ్యాధి విషయమున ఛాతీ ఎక్సురేలను ఇట్లు యంత్రముచే చదివించుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే, 15 ఏండ్లు మొదలు పైబడినవారికి, అనుమతించినది.

యంత్రమునకు వైద్యవిద్య తెలియదు. పొగాకు ఆకును చూడగనే తరగతి చెప్పు పనివాడు వేల ఆకులను చూచి నేర్చినట్లే, వైద్యులు గుర్తులు వేసిన వేలకొలది చిత్రములను చూచి యంత్రము పోలికలు పట్టుకొనును. అతడు తానెరుగని మేలు ఆకును చూచి తడబడునట్లే యంత్రమును తడబడును. పరదేశములందలి మెడలను మాత్రమే చూచి నేర్చినది, ఫ్లోరైడుచే దట్టమైన మన ఎముకలను చూచి పొరబడుట సంభవము. మన ప్రాంత రోగుల చిత్రములతో పరీక్షింపనిదే దానిని నమ్మరాదు.

ఒక లెక్క చూడుడు. ఉదాహరణకై 1000 మందిలో 20 మందికి జబ్బు కలదనుకొందము. యంత్రము రోగులలో నూటికి 90 మందిని పట్టుకొని, ఆరోగ్యవంతులలో నూటికి 10 మందిని తప్పుగా అనుమానించుననుకొందము. అప్పుడు నిజమైన రోగులు 18 మంది, అనవసరముగా బెదరినవారు 98 మంది ఒకే జాబితాలో చేరుదురు. ఇద్దరు రోగులు తప్పిపోవుదురు. కావున యంత్రము చెప్పినది తీర్పుకాదు. వైద్యుని కడకు పొమ్మను హెచ్చరిక మాత్రమే. ఆ వైద్యుడు, అవసరమైనచో ఎమ్మారై పరీక్ష, శస్త్రచికిత్స అందుబాటులో లేనిచో హెచ్చరిక వలన ప్రయోజనమేమి?

కావున మన గ్రామమునకు ఇట్టి శిబిరము వచ్చినచో సంఘ సభ్యులు మూడు ప్రశ్నలు అడుగవలెను. ఈ యంత్రము ఎవరి చిత్రములను చూచి నేర్చినది? అనుమానము కలిగినవారిని ఏ వైద్యుడు, ఎన్ని దినములలో చూచును? మా చిత్రములు ఎవరియొద్ద ఉండును, మా సమ్మతి లేక వాడుదురా?

యంత్రము రాకముందే చేయదగిన పనియు కలదు. భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు నీరు దొరకనిచో 1.5 వరకు సహింపవచ్చును. గ్రామీణ నీటిసరఫరా శాఖ ప్రయోగశాలలో ప్రతి బోరునీటిని పరీక్షింపజేయవలెను. నీరు కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. ఆవిరి పోయినకొలది చిక్కబడును. పటిక, సున్నము వేసి తేర్చు నల్లగొండ పద్ధతియు, తగిన వడపోత యంత్రములును కలవు. వానపడు దినములలో పట్టి నిలువచేసిన శుభ్రమైన వాననీరు మేలు. పాలు, రాగులు, ఉసిరిక ఆహారమున చేర్చుట, తేనీరు మితముగా త్రాగుట మంచిది.

ఎద్దు కుంటినప్పుడు మన పెద్దలు గమనించిరి. నేడు ఇంటి పెద్ద మెడ త్రిప్పలేకున్నచో మనము గమనింపకుండుట తగునా? రాబోవు సంఘ సమావేశమున ప్రతి సభ్యుడును తన యింటివారి చేతులను 10 సెకనులు లెక్కించి రావలెనని కోరుచున్నాము. లెక్క చాల తగ్గినవారి పేర్లు సంఘ కార్యదర్శికి రహస్యముగా తెలిపినచో, వారినందరిని ఒకేమారు ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రికి కొనిపోవు ఏర్పాటు చేసికొనవచ్చును. ఒక్కొక్కరికి భారమైన బండి ఖర్చు పదిమందికి తేలికయగును. సహకారమనగా ఇదియే.