సెలవు అయిన మర్నాడు బిడ్డనెవరు చూస్తారు?

ప్రసూతి సెలవు అయిపోవచ్చే వారంలో మన ఇళ్లలో ఒకటే మాట నలుగుతుంది. రేపటి నుంచి పిల్లనెవరు చూస్తారు? పుట్టింటి నుంచి వచ్చిన అమ్మ ఇంకో రెండు నెలలు ఉండగలదా? మోకాళ్ల నొప్పులున్న అత్తగారు పాకే బిడ్డ వెంట తిరగగలరా? ఆయాను పెట్టుకుంటే జీతంలో ఎంత మిగులుతుంది? లెక్కలు వేసి వేసి చాలా ఇళ్లు చివరికి ఒకే చోటికి వస్తాయి: ఉద్యోగం మానెయ్యడం. మానేసేది తల్లే. ఇది ఆ ఇంటి సొంత వ్యవహారమని అనుకోవడం మనకు అలవాటైంది. చట్టం ఎంతవరకు వచ్చి ఎక్కడ ఆగిపోయిందో చూస్తే, ఆ తల్లికి వేరే దారి పెద్దగా లేదని తెలుస్తుంది.

ముందు ఉన్న హక్కుల సంగతి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం కింద జీతంతో సెలవు 12 వారాలే ఉండేది. 2017లో దాన్ని 26 వారాలు చేశారు. ఇది మొదటి ఇద్దరు పిల్లలకు. ఆపై కాన్పుకు 12 వారాలు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ కూడా వీటినే కొనసాగించింది. పదిమంది పనిచేసే దుకాణమైనా, ఆఫీసైనా దీని కిందికి వస్తుంది. కాన్పుకు ముందు ఏడాదిలో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. "నేను కాంట్రాక్టు మీద ఉన్నాను కదా, నాకెక్కడిది" అని చాలామంది అడగకుండానే వదిలేసుకుంటారు. వదులుకోనక్కర్లేదు. మస్టర్ రోల్ మీద దినకూలికి పనిచేసే మహిళలకూ ఈ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2000లో ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో చెప్పింది. మధ్యలో కాంట్రాక్టు గడువు తీరిపోయినా ప్రయోజనం పూర్తిగా ఇవ్వాల్సిందేనని 2023లో మరో తీర్పు ఇచ్చింది.

మరి ఆ ఆరు నెలల జీతం ఎవరివ్వాలి? చిక్కంతా ఇక్కడే ఉంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతంతో ఈఎస్ఐలో ఉన్నవాళ్లకు ఆ డబ్బు ఈఎస్ఐ కార్పొరేషనే ఇస్తుంది. ఉద్యోగి జీతంలోంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం నెలనెలా చేరే ఉమ్మడి నిధి అది. మగవాళ్ల పేరు మీద కట్టిన డబ్బూ అందులోనే ఉంటుంది. కాబట్టి ఒక అమ్మాయి నెల తప్పితే ఆమె యజమాని జేబులోంచి కొత్తగా పోయే జీతం ఉండదు. ఆ గీత దాటిన జీతాలకు మాత్రం మొత్తం యజమానే పెట్టుకోవాలి. పెద్ద కంపెనీ తట్టుకుంటుంది. పదిహేనుమందితో నడిచే ల్యాబో, ఆడిటర్ ఆఫీసో ఆ జీతంతోపాటు ఆమె బదులు వచ్చినవాళ్ల జీతం కూడా చూసుకోవాలి. ఇంటర్వ్యూలో "పెళ్లయిందా? పిల్లల సంగతి ఏమనుకుంటున్నారు?" అనే ప్రశ్న పుట్టేది ఇక్కడే. ఆ ప్రశ్న అడగడం తప్పే. ఆడపిల్లను తీసుకోకపోతే ఖర్చు మిగిలేలా చట్టం రాయడమూ తప్పే.

ఇది ఈ మధ్య తెలిసిన సంగతేం కాదు. 1928లోనే బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ అంబేద్కర్, తల్లికి దొరికే విశ్రాంతి దేశానికే మేలు గనక ఆ భారంలో పెద్ద భాగం ప్రభుత్వమే మొయ్యాలని అంగీకరించారు. యజమానికి బాధ్యత లేదని మాత్రం ఆయన అనలేదు. భారం ఒక్క యజమాని నెత్తినే పెట్టకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 183వ ఒప్పందం కూడా చెబుతోంది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు.

ఇక సెలవు అయిన మర్నాటి మాట. అంగన్‌వాడీ బడి మూడేళ్లు నిండిన పిల్లలకు. ఆరు నెలలకూ మూడేళ్లకూ మధ్య రెండున్నరేళ్లు బిడ్డను ఎక్కడ ఉంచాలి? 50 మంది ఉద్యోగులున్న సంస్థలో క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే గది, తప్పనిసరి అని 2017 సవరణ చెప్పింది. 50 మంది అంటే ఆడవాళ్లే కాదు, అందరూ కలిపి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. ప్రతి సంస్థా సొంతంగా నడపాలనేమీ లేదు, నాలుగైదు కలిసి ఒకటి పెట్టుకోవచ్చు. అంతస్తుకో కంపెనీ ఉండే మాదాపూర్, గచ్చిబౌలి భవనాల్లో ఇది తేలిగ్గా అయ్యే పని. కార్లకు రెండేసి అంతస్తులు ఇవ్వగలిగిన చోట పిల్లలకు ఒక గది దొరకదంటే నేను ఒప్పుకోను.

ఇదంతా జీతం చీటీ ఉన్నవాళ్ల కథ. పత్తి ఏరే కూలీకి, మేస్త్రీ దగ్గర తట్ట మోసే అమ్మాయికి కేంద్రం ఇచ్చేది మాతృ వందన యోజన: మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000. ఆ అయిదు వేలను 26 వారాలకు పంచితే వారానికి రెండొందలు కూడా రావు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో మాత్రం ఒక మంచి నియమం రాశారు. పని దగ్గరికి ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు వస్తే, వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని. బిడ్డను చూడటం కూడా పనేనని, దానికీ కూలి ఉంటుందని ఒప్పుకున్న నియమం అది.

తండ్రి సంగతి త్వరగా తేలిపోతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల సెలవుంది. ప్రైవేటులో ఇవ్వాలని చట్టమే లేదు.

ఈ లోటునంతా పూడుస్తున్నది అమ్మమ్మలూ నానమ్మలూ. అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలోనూ అంతే. అక్కడ దేశమంతటికీ వర్తించే 1993 చట్టం ఇచ్చేది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో తల్లి కూతురికి పురుడు పోయడానికి విమానం ఎక్కుతుంది. అక్కడ ఉండటానికి ఆమెకిచ్చిన ఆరు నెలల గడువు తీరేసరికి వియ్యపురాలు దిగుతుంది. అది వాళ్ల ప్రేమ. అరవై దాటినవాళ్ల ఓపిక మీద ప్రభుత్వాలూ కంపెనీలూ ఆధారపడటం మాత్రం న్యాయం కాదు.

చివరగా ఒక మాట. ప్రసూతి హక్కుల సారాంశాన్ని స్థానిక భాషలో, అంటే మన దగ్గర తెలుగులో, ఆడవాళ్లు పనిచేసే చోట అందరికీ కనబడేలా పెట్టాలని చట్టంలో ఉంది. రేపు పనికి వెళ్లినప్పుడు ఆ కాగితం ఉందేమో చూడండి. లేకపోతే అడగండి. మగవాళ్లు కూడా అడగండి.