పరిచితుల పేర వచ్చు ప్రమాదము

చెన్నూరు గోదావరి తీరమున వరి, పత్తి పండించు ప్రాంతము. నేడు అక్కడి రైతు చేతిలో ఫోను కలదు. ఆ ఫోనులోనే అతని బ్యాంకు ఖాతాయు కలదు. 2019లో మొదలైన ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి క్రింద ఏటా 6,000 రూపాయలు మూడు వాయిదాలుగా ఆ ఖాతాకు చేరును. ఆ వాయిదాకై ఎదురుచూచు మనస్సును మోసగాండ్రు పసిగట్టినారు.

ఇటీవలి సంవత్సరములలో తెలంగాణమున వాట్సాప్ ద్వారా పీఎం కిసాన్ పేర, ట్రాఫిక్ చలానా పేర, పెండ్లి పిలుపు పేర కొన్ని ఫైళ్లు వ్యాపించుచున్నవి. ఇవి తరచు బంధువుల నుండియో, ఊరి గ్రూపు నుండియో వచ్చును. కాని పంపినది ఆ బంధువు కాదు. అతని ఫోనును వశపరచుకొన్నవారు అతని పేర పంపుచున్నారు. 2000 మే నెలలో ప్రపంచమంతట కంప్యూటర్లను పాడుచేసిన "ఐ లవ్ యూ" ఈమెయిలు సైతము పరిచితుల పేరనే ఇల్లిల్లు దూరినది.

నిజమైన శుభలేఖ బొమ్మగానో, పీడీఎఫ్‌గానో వచ్చును. తెరచి చూచిన చాలును. పేరు చివర చుక్క పెట్టి ఏ, పీ, కే అను ఇంగ్లీషు అక్షరములున్న ఫైలు అట్టిది కాదు. అది ఆండ్రాయిడ్ ఫోనులో క్రొత్త యాప్‌ను నెలకొల్పునది. చదువవలసిన ఉత్తరము ఇంట కాపురముండుటకు తాళపుచెవి అడుగునా? ఇది అడుగును. "ఇన్‌స్టాల్" నొక్కి, ఎస్సెమ్మెస్సులు చదువుటకు అనుమతి ఇచ్చినచో, బ్యాంకు పంపు ఓటీపీ మోసగానికి చేరిపోవును. ఎవరికిని ఓటీపీ చెప్పకున్నను సొమ్ము మాయమగుటకు ఇదియే కారణము.

కావున ఇట్టి ఫైలు ఎవరి పేర వచ్చినను ముట్టరాదు. పంపినవారికి ఫోను చేసి, గొంతు విని విచారించవలెను. యాప్ కావలసినచో ప్లే స్టోరునందే, అదియు తయారుచేసినవారి పేరు చూచి తీసికొనవలెను.

పొరపాటున నొక్కినచో వెంటనే ఇంటర్నెట్‌ను ఆపి, వేరొక ఫోను నుండి బ్యాంకునకు తెలిపి ఖాతాను నిలుపు చేయించవలెను. సొమ్ము పోయినచో 1930 నంబరునకు ఫిర్యాదు చేయవలెను. సొమ్ము ఖాతాలు మారక మునుపే తెలిపిన, దానిని ఆపుటకు అవకాశము హెచ్చు. తరువాత పరిచితులందరిని హెచ్చరించవలెను.

మోసపోవుట నేరము కాదు. నలుగురు నవ్వుదురని దాచినచో మాత్రము, మన పేరనే ఆ ఫైలు మరియొక ఇంటి తలుపు తట్టును.