నారికురుపు పోయింది, నీటి జబ్బు పోలేదు: చెరువు నుంచి బోరు దాకా మన నేల కథ

పావగడ తాలూకా తుమకూరు జిల్లాలో ఉన్నా, మ్యాపులో చూస్తే చుట్టూ ఎక్కువ భాగం ఆంధ్ర నేలే. కల్యాణదుర్గం, పెనుకొండ, మడకశిర మనకు ఇరుగుపొరుగు. రాష్ట్రాల గీత కాగితం మీద ఉంది గానీ నేల కింద లేదు. వై.ఎన్.హొసకోట బోరులోకి నీరు వచ్చే రాయి, గీత అవతలి ఊళ్ల బోర్లలోకి నీరిచ్చే రాయి ఒకే జాతివి. ఆ రాతి నీటితో వచ్చే జబ్బు కూడా ఒకటే. దాని పేరు ఫ్లోరోసిస్. పిల్లల పళ్లపై తోమినా పోని పసుపు గార, పెద్దలకు వంగని మెడ, పట్టేసిన నడుము దాని గుర్తులు.

ఇది ఒక్క డాక్టరుకు సంబంధించిన విషయం కాదు. చెరువుల్లోని జీవాలు, వేల ఏళ్ల నాటి వానలు, రోగి ఎముకలు అన్నీ ఇందులో కలుస్తాయి. ఆ మూడింటినీ కలిపి చూస్తేనే మన ఇళ్లలో ఏం చేయాలో తేలుతుంది.

చెరువు నీటిలో ఏముండేది?

మన పెద్దవాళ్ల కాలంలో తాగునీరు చెరువుది, లేకపోతే మెట్ల బావిది. వానకు నిండిన చెరువు నీరు రాతిలో ఎక్కువ కాలం నానదు కాబట్టి అందులో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువే. కానీ ఆ నీటిలో వేరే ప్రమాదం ఉండేది. కంటికి చుక్కలా కనిపించే సైక్లాప్స్ అనే నీటి పురుగు కడుపులో నారికురుపు పురుగు పిల్ల పెరిగేది. వడకట్టకుండా తాగిన మనిషి ఒంట్లో అది దాదాపు ఏడాది పెరిగి, కాలి చర్మం చీల్చుకొని దారంలా బయటికి వచ్చేది. ఆ మనిషి మంట చల్లారుతుందని మెట్ల బావిలో కాలు పెడితే, పురుగు మళ్లీ తన పిల్లలను నీటిలోకి వదిలేది. రాయలసీమలోనూ కర్ణాటకలోనూ పాత తరానికి ఈ పేరు బాగా తెలుసు.

1983-84లో దేశమంతా నారికురుపు నిర్మూలన కార్యక్రమం మొదలైంది. నీరు గుడ్డతో వడకట్టమన్నారు, మెట్ల బావులు మూసేశారు, చేతి పంపులు వేశారు. 1996 తర్వాత దేశంలో కొత్త కేసు లేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశానికి నారికురుపు లేదని ధ్రువపత్రం ఇచ్చింది. ఇది నిజంగా పెద్ద విజయం. కలరా, విరేచనాలు తగ్గడానికి కూడా మూత ఉన్న నీరే సాయపడింది.

అయితే పై నీటిని వదిలి కింది నీటికి వెళ్లినప్పుడు, పురుగుతో పాటు చెరువు నీటి మంచి గుణం కూడా పోయింది. సేద్యానికి బోర్లు పెరిగాయి, చెరువులు నిండడం తగ్గింది, బోరు లోతు ఏటికేడు పెరుగుతూ పోయింది.

మన రాతిలోనే ఎందుకు?

మన కింద ఉన్నది గ్రానైట్, దాని బంధువులైన గట్టి రాళ్లు. వాటిలోని అపటైట్, బయోటైట్, ఫ్లోరైట్ వంటి ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీరు పగుళ్లలో ఎంత కాలం నిలిస్తే అంత కరుగుతుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకొని దించేస్తుంది. కాల్షియం తక్కువై సోడియం ఎక్కువైతే ఫ్లోరైడ్ కరిగే ఉండిపోతుంది.

ఇక్కడే పాత వాతావరణం వస్తుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న నేలలో నీరు పైకి ఆవిరైపోతుంది. దానిలోని కాల్షియం మట్టిలోనే తెల్లటి సున్నపు గడ్డలుగా పేరుకుంటుంది. పొలం తవ్వినప్పుడు మనకు కనిపించేవి అవే. అవి ఒక్కరోజులో కట్టినవి కావు, తరతరాల ఎండ రాసిపెట్టిన లెక్క. నల్గొండ జిల్లాలో పరిశోధన చేసిన శాస్త్రవేత్తలు ఆ గడ్డల్లో కూడా ఫ్లోరైడ్ నిల్వ ఉందని, వాన నీరు దిగేటప్పుడు కొంత కరిగి కిందికి వెళుతుందని చూపారు.

దక్కను ఎప్పటినుంచి ఎండింది? గోదావరి కలిసే చోట బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన బురద పొరలపై 2012లో ఒక పరిశోధన వెలువడింది. నది మోసుకొచ్చిన ఆకుల మైనం ఆ పొరల్లో మిగిలి ఉంటుంది. ఆ మైనంలోని కార్బన్ రకాన్ని బట్టి అది చెట్ల అడవిదా, ఎండకు ఓర్చే గడ్డి నేలదా అని చెప్పవచ్చు. సుమారు 4,000 ఏళ్ల కింద మొదలై 1,700 ఏళ్ల కింద వరకు ఎండను ఓర్చే మొక్కలు పెరుగుతూ వచ్చాయనీ, ఆ తర్వాత అవే నిలిచిపోయాయనీ తేలింది. అది మన తాలూకా లెక్క కాదు, పీఠభూమి ఎటు నడిచిందో చెప్పే లెక్క. మనకు దగ్గరగా బళ్లారి పక్కన సంగనకల్లులో నవీన శిలాయుగపు మనుషులు తిన్న గింజలు దొరికాయి. అండుకొర్రలు, ఉలవలు, పెసలు, అంటే తక్కువ నీటి పంటలే.

ఆ ఎండకు మన పెద్దలు చెప్పిన జవాబు చెరువు. కట్ట వేసి, తూము పెట్టి, మరవ కట్టి, పడిన వానను పట్టి ఉంచారు. నిండిన చెరువు కింద బావుల్లోకి కొత్త వాన నీరు దిగి, పాత రాతి నీటిని పలచన చేసేది. చెరువు ఎండిపోవడమంటే ఆ పలచన చేసే చెయ్యి ఆగిపోవడమే.

ఎద్దులు చెప్పింది, డాక్టర్లు చూసింది

మన దేశంలో మనుషుల ఫ్లోరోసిస్ గురించి తొలి వైద్య వివరణ తెలుగు నేల మీదే వచ్చింది. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతం గురించి షార్ట్, ఆయన తోటి డాక్టర్లు 1937లో రాశారు. అంతకు ముందే కాళ్లు పట్టేసిన ఎద్దులను చూసి రైతులు నీటిని అనుమానించారని చెబుతారు.

1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి నల్గొండ ప్రాంతపు పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని వివరించారు. తర్వాత ఆ బృందం మరో ప్రశ్న వేసింది. నాగార్జునసాగర్ వచ్చాక భూమిలో తేమ మారి, జొన్నలో మాలిబ్డినం పెరిగి, ఒంట్లో రాగి తగ్గి ఎముక ఇంకా బలహీనమైందా అని. నీటి కట్ట, మట్టి, గింజ, మోకాలు ఒకే గొలుసులో చూసిన పరిశోధన అది.

ఇళ్లలో గుర్తుంచుకోవాల్సినవి

రుచి నమ్మకండి. సబ్బు బాగా నురగ వచ్చే 'తీపి' నీటిలో కూడా ఫ్లోరైడ్ ఎక్కువ ఉండవచ్చు, ఎందుకంటే ఆ నీటిలో కాల్షియం తక్కువ. పరీక్షే దారి. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే నీరు లేకపోతే 1.5 వరకు అనుమతి అని భారత ప్రమాణం. జల్ జీవన్ మిషన్ కింద పంచాయితీల్లో పరీక్ష కిట్లు ఉండాలి, అడగండి.

నీరు కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. పైగా నీరు ఇగిరేకొద్దీ చిక్కనవుతుంది. కొవ్వొత్తి ఫిల్టరు కూడా దాన్ని తీయదు. శుద్ధ నీటి ఘటకాల్లోని ఆర్‌ఓ తీస్తుంది, యంత్రానికి పొర సమయానికి మారిస్తేనే. ఘటకం వదిలే వ్యర్థ నీటిలో ఫ్లోరైడ్ చిక్కగా ఉంటుంది. అది బావి వైపు, చెరువు వైపు పోకుండా చూడాలి. క్యాన్ నీరు తాగడానికే వాడి, సంగటి, అన్నం, పప్పు బోరు నీటితో వండితే సగం లాభమే.

ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ముందు మంచి నీరు ఇవ్వండి. లోపల తయారవుతున్న శాశ్వత దంతాలు పాడయ్యేది అప్పుడే. ఒకసారి పడిన మచ్చ మందుతో పోదు. పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ తినే ఒంట్లో నష్టం కొంత తగ్గుతుంది.

మోకాలి నొప్పి అంతా ఫ్లోరోసిస్ కాదు. గుంత మగ్గంలో రోజంతా కూర్చునే నేతగాడికి వేరే కారణాలు ఉంటాయి. అందుకే ఊహ వద్దు, నీటి పరీక్ష, మూత్ర పరీక్ష, ఎక్స్‌రే చేయించండి. ముఖ్యంగా ఒక మాట. ఒంట్లోని ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది మూత్రపిండాలు. నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి మింగితే అవి దెబ్బతింటాయి. అవి దెబ్బతింటే ఫ్లోరైడ్ లోపలే మిగిలి నొప్పి పెరుగుతుంది. నీరు మార్చకుండా మాత్ర మార్చడం వల్ల ఆ సుడి ఆగదు.

తుంగభద్ర నీరు మన తాలూకాకు తెచ్చే పథకం చాలా ఊళ్ల ఆశ. పైపులో నీరు రావడం వేరు, ఆ నీరే గుండిగలో పడడం వేరు. పైపు నీరు వచ్చిన రోజుల్లో బోరు నీటిని తాగడానికి, వంటకు కలపకుండా ఉండాలి. చెరువును మాత్రం మరచిపోకూడదు. పాకుడు పట్టిన చెరువు నీరు మళ్లీ తాగమని కాదు. పూడిక తీసి, కాలువలపై ఆక్రమణలు తొలగించి, మరవ పారేలా చూస్తే ఆ నీరు భూమిలోకి దిగుతుంది. తీసిన చెరువు మన్ను పొలానికి బలం. కింది నీటికి ఇంతకంటే చౌకైన మందు లేదు.