హెడ్డు విప్పే ముందు పరీక్ష చేయించండి
కారు వేడెక్కితే గాస్కెట్ పోయినట్లేనా? దోర్నాల డ్రైవరు నేర్చుకున్న పాఠం

పెద్దదోర్నాల (మా విలేఖరి): కారు వేడెక్కింది, రేడియేటరులో నీళ్లు తగ్గాయి అనగానే "హెడ్ గాస్కెట్ పోయింది, హెడ్డు విప్పాలి" అనే మాట షెడ్లలో తరచు వినిపిస్తున్నది. ఆ మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. పరీక్ష చేయకుండా హెడ్డు విప్పితే మొదట డబ్బు పోతుంది. అసలు జబ్బు అలాగే వుండిపోతే తరువాత ఇంజనుకే ముప్పు వస్తుంది. శ్రీశైలం యాత్రికులను తిప్పుకుని బతికే ఇక్కడి డ్రైవరు ఒకరికి 2024 వేసవిలో ఈ రెండు అనుభవాలూ ఎదురయ్యాయి.

ఆయన భార్య నగలు కుదువబెట్టి పాత పెట్రోలు కారు కొనుక్కున్నారు. దోర్నాల నుంచి శ్రీశైలానికి సుమారు 50 కిలోమీటర్లు. దారంతా నల్లమల అడవి, ఎక్కుడు, మలుపులు. చిన్న గేరులో ఇంజను గట్టిగా తిరుగుతుంది, కారు మెల్లగా నడుస్తుంది కనుక రేడియేటరుకు గాలి చాలదు. ఇంజనులో ఏ లోపం వున్నా ఈ దారిలో బయటపడుతుంది.

ఆ ఏడాది మార్చిలో కారు తుమ్మలబైలు దాటాక వేడెక్కింది. నీళ్లు మరిగి పొంగిపోయాయి. షెడ్డుకు తీసుకుపోతే అక్కడివారు ఏ పరీక్షా చేయకుండా గాస్కెట్ పోయిందన్నారు. హెడ్డు విప్పి, కొత్త గాస్కెట్ వేసి డబ్బు తీసుకున్నారు. తీసిన గాస్కెట్ చూస్తే ఎక్కడా కాలిన గుర్తు లేదు. డ్రైవరుకు అనుమానం వచ్చింది గాని అడగటానికి మొహమాటపడ్డారు.

పది రోజులు గడిచాయి. ఉగాదికి వారం ముందు మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగిన కర్ణాటక యాత్రికులను ఎక్కించుకుని పోతుండగా ముల్లు మళ్లీ ఎర్రగీత ఎక్కింది. కారు ఆపి కొద్దిసేపు చూశారు. దర్శనం వేళ దాటిపోతుందని ప్రయాణికులు తొందరపెట్టారు. బాటిలు నీళ్లు పోసి మళ్లీ బయలుదేరారు. మరో 12 కిలోమీటర్లు నడిచేసరికి ఇంజను కుదుపులు మొదలుపెట్టింది. సైలెన్సరు నుంచి తెల్లటి పొగ వచ్చింది. మొదటిసారి పోని గాస్కెట్ ఈసారి నిజంగానే పోయింది.

గాస్కెట్ చేసే పని

ప్రెషరు కుక్కరు మూతకు వుండే రబ్బరు గాస్కెట్ అందరికీ తెలిసిందే. అది పాడైతే ఆవిరి పక్కనుంచి పోతుంది, పప్పు ఉడకదు. ఇంజనులోనూ అంతే. కింద సిలిండర్లు వుండే బ్లాకు, పైన మూతవంటి హెడ్డు, ఆ రెంటి నడుమ పలుచని రేకువంటి గాస్కెట్ వుంటాయి. కుక్కరు గాస్కెట్ ఆపేది ఒక్క ఆవిరినే. ఇది మూడింటిని వేరుచేసి వుంచాలి. సిలిండరులో మండే గ్యాసు, ఇంజనును చల్లబరిచే నీళ్లు, అరుగుదల లేకుండా కాపాడే ఆయిలు ఒకదానిలో ఒకటి కలవకూడదు.

ఇంజను మితిమీరి వేడెక్కితే హెడ్డు వంగుతుంది. ఇప్పటి కార్లలో హెడ్డు ఎక్కువగా అల్యూమినియంతో చేసినదే. అల్యూమినియం ఇనుముకన్నా ఎక్కువ సాగుతుంది. హెడ్డు వంగినచోట పట్టు సడలి గాస్కెట్ కాలుతుంది. కనుక గాస్కెట్ పోవడం చాలాసార్లు వేడికి ఫలితమే గాని మూలం కాదు. వేడెందుకు పెరిగిందో కనిపెట్టకుండా గాస్కెట్ ఒక్కటే మారిస్తే కొత్తదీ పోతుంది.

కంటికి కనిపించే గుర్తులు

మార్కాపురంలో ముప్పయి ఏళ్లుగా స్పానరు పట్టిన ఒక పెద్ద మేస్త్రీ ఈ కారును బాగుచేశారు. ఆయన చెప్పినదాని ప్రకారం యజమాని ఇంటి దగ్గరే గమనించదగిన గుర్తులు ఇవి:

ఎక్కడా కారకుండానే నీళ్లు రోజూ తగ్గుతుంటే అనుమానించాలి. ఇంజను బాగా వేడెక్కిన తరువాత కూడా సైలెన్సరు నుంచి దట్టమైన తెల్లపొగ ఆగకుండా వస్తుంటే నీళ్లు సిలిండరులోకి పోతున్నాయని అర్థం. కూలెంటు పోసిన బండి అయితే ఆ పొగ తీపి వాసన వేస్తుంది.

ఆయిలు చూసే కడ్డీ తీసినప్పుడు పాలు కలిపిన కాఫీవంటి రంగు కనిపిస్తే ఆయిలులో నీళ్లు కలిశాయి. అట్లాంటి బండిని ఒక్క ఫర్లాంగు కూడా నడపరాదు. నీళ్లు కలిసిన ఆయిలు బేరింగులను కాపాడలేదు.

చల్లగా వున్న ఇంజనును స్టార్టు చేసిన ఒకటి రెండు నిమిషాలకే రేడియేటరు పై గొట్టం రాయిలా గట్టిపడితే మండిన గ్యాసు నీళ్లలోకి వస్తుండవచ్చు. ఇంజను చల్లగా వున్నప్పుడే మూత తీసి స్టార్టు చేస్తే నీళ్లలో బుడగలు కనిపిస్తాయి. కొద్ది బుడగలు వచ్చి ఆగితే అది లోపల చిక్కుకున్న గాలి కావచ్చు. ఆగకుండా వస్తుంటేనే అనుమానం. వేడి ఇంజను మీద మాత్రం మూత ముట్టుకోరాదు. మరిగే నీళ్లు ఎగజిమ్మి ముఖం, చేతులు కాలుతాయి.

అన్ని గుర్తులూ నమ్మదగినవి కావు

చలికాలం పొద్దున్నే స్టార్టు చేయగానే వచ్చే తెల్లని ఆవిరి ఏ బండికైనా వుంటుంది. ఇంజను వేడెక్కగానే అది పోవాలి. కారును రోజూ ఊళ్లోనే కొద్ది దూరం తిప్పేవారికి ఆయిలు పోసే మూత లోపల మీగడవంటి పొర కనిపిస్తుంది. అది తేమవల్ల కావచ్చు. కడ్డీ మీద ఆయిలు శుభ్రంగా వుంటే కంగారు పడనక్కరలేదు.

నీళ్లు తగ్గటానికి కూడా చాలా కారణాలున్నాయి. గొట్టం క్లిప్పు వదులు కావచ్చు, వాటరు పంపు కారుతుండవచ్చు, రేడియేటరు మూత పట్టు పోయి వుండవచ్చు. ఫ్యాను తిరగకపోయినా, థర్మోస్టాటు మూసుకుపోయినా వేడి పెరిగి నీళ్లు పొంగిపోతాయి. ఇవన్నీ హెడ్డు విప్పకుండా చూసుకోదగినవే, తక్కువ ఖర్చుతో తీరిపోయేవే.

షెడ్డులో అడగవలసిన పరీక్షలు

గుర్తులు అనుమానం మాత్రమే కలిగిస్తాయి. తేల్చేవి పరీక్షలు. మొదటిది ప్రెషరు పరీక్ష. చల్లటి ఇంజనులో రేడియేటరు మూతచోట చేతిపంపు బిగించి, ఆ మూత మీద రాసి వున్నంత ఒత్తిడి ఎక్కించి పావుగంట చూడాలి. ముల్లు దిగితే ఎక్కడో కారుతున్నట్లు. బయట తడి కనిపిస్తే అక్కడే లోపం. బయట తడి లేకపోతే ఇంజను లోపలికే పోతున్నదేమో చూడాలి.

రెండవది నీలిమందు పరీక్ష. రేడియేటరు మూతి మీద చిన్న గొట్టం పెట్టి, లోపలి గాలిని నీలిరంగు మందుగుండా లాగుతారు. మండిన గ్యాసు అందులో వుంటే పెట్రోలు బండికి ఆ నీలం పసుపు రంగుకు మారుతుంది.

మూడవది కంప్రెషను పరీక్ష. స్పార్కు ప్లగ్గులు తీసి ఒక్కొక్క సిలిండరుకు గేజి పెట్టి చూస్తారు. దోర్నాల కారులో ఒకటవ సిలిండరు 165 పౌండ్లు, నాలుగవది 160 చూపాయి. నడుమనున్న రెండు, మూడు సిలిండర్లు 70, 75 దగ్గర ఆగిపోయాయి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు ఇట్లా పడిపోతే ఆ రెంటి నడుమ గాస్కెట్ కాలినట్లు దాదాపు ఖాయం. ఒక్క సిలిండరే తక్కువైతే అందులో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే లోపం వాల్వులలో గాని గాస్కెట్‌లో గాని వుంటుంది.

"అబ్బాయా, ఈ మూడు పరీక్షలకు గంటన్నర పడుతుంది. హెడ్డు విప్పితే రెండు రోజులు. ఏది ముందు చేయాలి?" అని మేస్త్రీ ఆ డ్రైవరును అడిగారట.

అసలు దోషి బోరు నీళ్లు

పరీక్షలన్నీ అయ్యాక హెడ్డు విప్పారు. రెండు, మూడు సిలిండర్ల నడుమ గాస్కెట్ మీద నల్లటి కాలిన చార కనిపించింది. హెడ్డు మీద ఉక్కు పట్టీ ఆనించి ఫీలరు గేజి దూర్చి చూస్తే వంగినట్లు తేలింది. చాలా చిన్న కార్లకు ఈ వంపు 0.05 మిల్లీమీటరు మించరాదు. లేతు మీద ఫేసింగు చేయించారు. పగుళ్లు లేవని చూసుకున్న తరువాతే బిగించారు. బోల్టులను నడుమనుంచి అంచులకు, విడతలు విడతలుగా, టార్కు స్పానరుతో బిగించడం ముఖ్యమని, అందాజాగా బిగిస్తే గాస్కెట్ మళ్లీ పోతుందని మేస్త్రీ చెప్పారు. కొన్ని కార్లకు హెడ్డు విప్పినప్పుడల్లా కొత్త బోల్టులే వేయాలని కూడా హెచ్చరించారు.

అంతకుముందే ఆయన రేడియేటరును విప్పించారు. దాని సన్నటి గొట్టాలు సగానికి పైగా తెల్లటి సున్నపు పొక్కుతో మూసుకుపోయి వున్నాయి. మన పశ్చిమ ప్రాంతపు బోరు నీళ్లు ఎంత కఠినమైనవో ఇళ్లలో నీళ్లు కాచే గిన్నెలు చూస్తే తెలుస్తుంది. ఆ నీళ్లే కొన్ని ఏళ్లుగా రేడియేటరులో పోస్తూ వచ్చారు. మార్చిలో వచ్చిన వేడికి మూలం అదే. అప్పుడే రేడియేటరు చూసి వుంటే హెడ్డు విప్పవలసిన పనే వుండేది కాదు. కంపెనీ చెప్పిన కూలెంటును డిస్టిల్డు నీళ్లతో కలిపి పోయడమే దీనికి మందు.

దారిలో వేడెక్కితే

ముల్లు పైకి పోతుంటే వెంటనే పక్కకు ఆపి ఇంజను కట్టేయాలి. కనీసం అరగంట, అవసరమైతే ఇంకా ఎక్కువసేపు చల్లారనివ్వాలి. సలసల కాగే ఇంజనులో చల్లటి నీళ్లు పోస్తే హెడ్డు పగలవచ్చు. ముల్లు హఠాత్తుగా కిందికి దిగితే సంతోషించరాదు. నీళ్లన్నీ పోయి సెన్సరుకు తడి తగలకపోయినా ముల్లు దిగుతుంది. కారుడును ఆపుతామని అమ్మే పొడులు పోసి నెట్టుకురావడం కూడా మంచిది కాదు. అవి రేడియేటరు గొట్టాలను మరింత మూసివేస్తాయి.

ఈ డ్రైవరు కారు 18 రోజులు షెడ్డులోనే వుంది. ఉగాది సీజను అంతా పోయింది. రెండవసారి ఖర్చు మొదటిదానికి రెండింతలు దాటింది. నగలు విడిపించడం మరో ఏడాది వెనక్కిపోయింది. తీసిన రెండు గాస్కెట్లను ఆయన వసారాలో ఒకే మేకుకు తగిలించుకున్నారు. ఒకటి చెక్కుచెదరలేదు, రెండవదానికి నల్లచార. పాత కారు కొనాలని సలహాకు వచ్చేవారికి ముందు వాటినే చూపిస్తున్నారు. "మొదటిది పరీక్ష చేయించనందుకు, రెండవది కారు ఆపనందుకు" అని చెబుతున్నారు.