పడవ ఎక్కిన పుస్తకం

విద్యను వెలుగుగా, తరగని ధనంగా కీర్తించిన జాతి మనది. భర్తృహరి నీతిశతకంలో మూర్ఖపద్ధతి ముగియగానే విద్వత్పద్ధతి వస్తుంది. ధనాన్ని గూర్చిన అర్థపద్ధతికి దాని తరువాతనే చోటు. అయినా "చదవేస్తే ఉన్న మతి పోయింది" అనే సామెత కూడా ఈ జాతి నోటనే పుట్టింది. చదువును కొనియాడిన సమాజమే చదువరిని ఎందుకు శంకించింది?

ఆ శంక నిష్కారణమైనది కాదు. తరతరాలుగా అక్షరం కొద్దిమంది చేతిలోనే ఉండిపోయింది. కరణం వ్రాసిన లెక్కను రైతు చదువలేడు. షావుకారు చూపిన పత్రంపై వేలిముద్ర వేయడం తప్ప అతనికి గత్యంతరం లేదు. తనకు అందని చదువు తనను వంచించడానికే ఉన్నదని అతడు భావించడంలో వింత లేదు. పైగా చదువుకొన్నవాడు నాగలి పట్టడానికి సిగ్గుపడితే ఆ చదువు ఊరికి పరాయిదే అవుతుంది. జ్ఞానం జనానికి దూరమైనచోట జనం జ్ఞానాన్ని నమ్మరు.

ఈ దూరాన్ని తగ్గించడానికి కృష్ణాతీరంలో జరిగిన కృషి చిరస్మరణీయమైనది. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువల వెంట పైరుపచ్చలు విస్తరించాయి. కాని పంట పెరిగినట్లు చదువు పెరగలేదు. నూటికి పదిమందికైనా అక్షరజ్ఞానం లేని ఆ కాలంలో, 1914 ఏప్రిల్ 10న విజయవాడలోని రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడే రూపుదాల్చింది. దానికి ప్రాణం పోసిన అయ్యంకి వెంకటరమణయ్యకు అప్పటికి ఇరవైనాలుగేండ్లయినా నిండలేదు. గ్రంథాలయోద్యమ పితామహుడిగా ఆయన ప్రసిద్ధికెక్కారు.

పాఠకుడు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే పాఠకుని వద్దకు పోవాలని భావించినవారు పాతూరి నాగభూషణం. గుంటూరు జిల్లా పెదపాలెం కేంద్రంగా 1935లో ఆయన పడవ గ్రంథాలయాన్ని ప్రారంభించారు. పొలాలకు నీరు తెచ్చిన కృష్ణా కాలువే పల్లెలకు పుస్తకాన్ని కూడా తెచ్చింది. చదువు తన రేవుకే వచ్చి నిలిచినప్పుడు పల్లెవాసికి అది పరాయిది కాకుండా పోయింది. ఉపన్యాసాలతో తొలగని శంక ఇటువంటి సేవతో తొలగుతుంది.

ఉద్యమస్ఫూర్తి తరువాత చట్టరూపం దాల్చింది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా వసూలవుతుంది. అనగా ఊరి గ్రంథాలయం ఎవరి దయాదాక్షిణ్యమో కాదు, ప్రజల సొత్తు. 1989లో మొదలైన విజయవాడ పుస్తక మహోత్సవం కూడా ఆ పఠనాభిరుచికి కొనసాగింపే.

నేడు చదువుకొంటే మతి పోతుందని ఎవరూ అనరు. విజయవాడ పరిసరాలలోని కళాశాలలకు ఎందరో తల్లిదండ్రులు అప్పుచేసి మరీ పిల్లలను పంపుతున్నారు. కాని పాత శంక కొత్త రూపం ధరించింది. పాఠ్యేతర గ్రంథం చేతబట్టిన విద్యార్థికి "ఇది పరీక్షలో వస్తుందా?" అనే ప్రశ్న ఎదురవుతుంది. మార్కును గౌరవించి ఆలోచనను కాలహరణంగా తలచడం కూడా జ్ఞానంపై అవిశ్వాసమే. ర్యాంకు ఒక ప్రవేశద్వారాన్ని తెరుస్తుంది. లోపల ఎట్లా నడుచుకోవాలో, ఎవరికి ఉపకరించాలో తెలిపేది వివేకం.

కాబట్టి విద్యావంతుడు గౌరవాన్ని కోరడానికి ముందు నమ్మకాన్ని సంపాదించాలి. తాను నేర్చిన అక్షరంతో పొరుగువాని పత్రం చదివిపెట్టినవాడు, తెలిసినదానిని తెలియనివానికి చులకన చేయక చెప్పినవాడు ఆ నమ్మకానికి పాత్రుడవుతాడు. ఆనాడు కాలువపై సాగిన పడవ విద్యార్థిలోకానికి బోధించే పాఠం ఇదే.